పదిహేడో పేజీ

ఆగస్టు 3

మామయ్యకి,

ఈ ఉత్తరం ఇంటికి కాకుండా నీ బైండింగ్ షాపుకు ఎందుకు వచ్చిందా అనుకుంటున్నావు కదా. ముందు జిగురు చేతులు కడుక్కుని, గుమ్మం దగ్గర స్టూలు మీద కూర్చుని చదువు. ఫోన్ చేద్దామనే అనుకున్నాను. కానీ ఇరవై ఏళ్ళు కటింగ్ మిషన్ పక్కన నిలబడ్డ చెవులు నీవి. ఫోన్లో చెబితే సగం వింటావు, మిగతా సగం నువ్వే కల్పించుకుంటావు. ఇప్పటికే ఇక్కడ కల్పించుకునేవాళ్ళు ఎక్కువైపోయారు.

మా యూనివర్సిటీ డిగ్రీని ముక్కలు చేస్తోంది. ఇన్నాళ్ళూ ఏడాదంతా చదివి ఏప్రిల్లో ఒకేసారి పరీక్షలు రాసేవాళ్ళం. ఇకనుంచి ఏడాదికి రెండు సెమిస్టర్లట, సెమిస్టర్‌కి ఆరు మాడ్యూళ్ళట. మాడ్యూల్ అంటే ఓ చిన్న పాఠం కట్ట అనుకో. దాని పరీక్ష దానిదే, దాని మార్కులు దానివే. ఒక్కోటి పాసైతే కొన్ని క్రెడిట్లు ఇస్తారు, అవి సరిపడా పోగైతే డిగ్రీ చేతిలో పెడతారు.

కొత్తగా చేరినవాళ్ళకి ఏ గొడవా లేదు, వాళ్ళకి ఇదే మొదలు. చివరి ఏడాదివాళ్ళు పాత పద్ధతిలోనే బయటపడతారు. ఎటూ కాకుండా మధ్యలో ఇరుక్కున్నది రెండో ఏడాది వాళ్ళం. పాతదాంట్లో ఉంటామో, కొత్తదానికి మారతామో ఈ నెల ముప్పైలోగా ఒక పసుపు కాగితం మీద రాసి ఇవ్వాలి. ఒకసారి రాశాక మార్చుకోవడానికి లేదు.

ఇప్పుడు అసలు సంగతి. మొదటి ఏడాదిలో నాకు స్టాటిస్టిక్స్ పోయింది. నాలుగు మార్కులతో. అమ్మ అడిగినప్పుడు "ఫలితాలు బాగానే ఉన్నాయి" అన్నాను. మిగతావన్నీ బాగానే ఉన్నాయి కాబట్టి అది పూర్తి అబద్ధం కాదని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. ఆసుపత్రిలో అమ్మతో పనిచేసే నర్సులందరికీ మా అమ్మాయి అన్నీ పాసైందని చెప్పేసిందట. ఆ తర్వాత, ఒకటి పోయిందని ఎలా చెప్పను?

పాతదాంట్లో ఉంటే ఆ పేపర్ కూడా ఈ ఏప్రిల్లోనే రాయాలట. మళ్ళీ తప్పితే ఇంకో పరీక్ష ఉండదట, ఆ పద్ధతే ఉండదు కాబట్టి రెండేళ్ళ చదువూ గంగలో కలిసినట్టేనట. కొత్తదానికి మారితే పాసైనవన్నీ క్రెడిట్లుగా కలుపుతారట కానీ, ఆర్నెల్లు ఎక్కువ చదవాలట. అప్పుడు అమ్మకి ఆ ఆర్నెల్లు ఎందుకో చెప్పాలి. కొందరేమో తప్పినవాళ్ళకి మారే హక్కే లేదంటున్నారు. నోటీసు బోర్డు మీద వారంలో మూడుసార్లు మూడు రకాలుగా అతికించారు.

వాళ్ళిచ్చిన కాగితాలన్నీ పంపుతున్నాను. గది నిండా చెదిరిపోయి ఉన్నాయి, ఏది ముందో ఏది వెనకో తెలియడం లేదు. రోజూ కాగితాలతోనే బతికేవాడివి, నువ్వైనా చదివి ఏం చెయ్యాలో చెప్పు. పసుపు కాగితం మాత్రం చాలా జాగ్రత్త. మనిషికి ఒక్కటే ఇస్తారట, పోతే మళ్ళీ ఇవ్వరట.

అమ్మకి చెప్పకు.

నీ మేనకోడలు


ఆగస్టు 8

అమ్మడూ,

కట్ట అందింది. చేతులు కడుక్కునే చదివాను. రెండుసార్లు చదివాక మళ్ళీ కడుక్కున్నాను, ఎందుకో నాకే తెలియదు. నీ ఉత్తరంలో "అట" అన్న మాటలు లెక్కపెడదామని మొదలుపెట్టి పదికి చేరాక వదిలేశాను. నువ్వు కళ్ళారా చూసింది ఆ నాలుగు మార్కులు ఒక్కటేనమ్మా, మిగతాదంతా ఎవరో అన్న మాటే.

నాలుగు మార్కుల గురించి నేనేమీ అనను. నేను పదో తరగతిలో ఎన్ని తప్పానో మీ అమ్మని అడుగు. కాదు, అడగకు.

నాకో సందేహం. ఒక్కో ముక్కకీ ఒక్కో పరీక్ష పెట్టి, అయిపోయిన ముక్కని పక్కన పడేస్తే, మొత్తం చదువు ఒక్కచోట చూసేదెవరు? నా దగ్గరికి పత్రికల వాళ్ళు నెలకో సంచిక తెస్తారు, పన్నెండూ వచ్చాక కుట్టి ఒక సంపుటం చేస్తాను. మీ దగ్గర కుట్టేవాడెవరో ఆ కాగితాల్లో ఎక్కడా రాయలేదు. నేను వెతికాను.

ఇక్కడ ఓ చిక్కొచ్చింది. మీ అమ్మ మొన్న క్యారేజీ ఇవ్వడానికి వచ్చినప్పుడు నీ కవరు బల్ల మీదే ఉంది. చటుక్కున సొరుగులో పడేశాను. "ఏమిట్రా అది?" అంది. "ఏం లేదక్కా, ఉత్తరం" అన్నాను. "ఎవరు రాశారు?" అంది. నా మొహం ఎర్రబడింది. మీ అమ్మ ఇంకేమీ అడగకుండా నవ్వుకుంటూ వెళ్ళిపోయింది. మర్నాటి నుంచి నా చొక్కాలన్నీ ఇస్త్రీ అయి మంచం మీద ఉంటున్నాయి. నిన్న జుట్టుకి రంగు తెచ్చిచ్చింది. పెళ్ళీపెటాకులూ లేని నాకు నలభై ఏడేళ్ళకి ఎవరో ఉత్తరాలు రాస్తున్నారని అనుకుంటోంది. కాదంటే ఎవరో చెప్పాలి, ఔనంటే అంతకన్నా ముప్పు. అందుకని నోరు మూసుకుని ఇస్త్రీ చొక్కా తొడుక్కుని జిగురు పులుముకుంటున్నాను.

వానలకి జిగురు ఆరడం లేదు, అందుకే కాస్త ఆలస్యం. నీ కాగితాలు నా దగ్గర క్షేమంగా ఉన్నాయి. ఇక అవి చెదిరే ప్రసక్తే లేదు. వారంలో పంపుతాను.

మామయ్య


ఆగస్టు 12

మామయ్యకి,

గడువు ముప్పై కాదట, ఇరవై అయిదట. ఈసారి "అట" కాదు, నేనే చూశాను. నోటీసు బోర్డు మీద పాత తారీకుని ఆకుపచ్చ సిరాతో కొట్టేసి పక్కన రాశారు. కాబట్టి పసుపు కాగితం వెంటనే పంపు. చదవడం అయిందా లేదా అన్నది తర్వాత.

నా గదిలో నాతో పాటు ఉండే అమ్మాయి, మేమంతా కళ్ళజోడు అని పిలుస్తాం, కొత్తదానికి సంతకం చేసేసింది. కిందటేడు సరిగ్గా పరీక్షల వారంలో జ్వరం వచ్చి దానికి ఏడాది మొత్తం పోయింది. "ఆర్నెల్లకోసారి పరీక్ష ఉంటే నాకు పోయేది ఆర్నెల్లేగా" అంటుంది. దాని మాట విన్నంతసేపూ కొత్తదే మంచిదనిపిస్తుంది. తర్వాత ల్యాబ్‌కి వెళ్తాను. ఏడాది పొడుగునా ఒక మొక్క వెంటే తిరిగి, పువ్వు, కాయ, గింజ అన్నీ ఆరబెట్టి ఒకే అట్ట మీద అతికించాలి మేము. నాకు మా కోర్సులో నచ్చింది అదొక్కటే. కొత్తదాంట్లో పువ్వు ఒక మాడ్యూల్, కాయ ఇంకో మాడ్యూల్. మధ్యలో సెలవులు. మొక్క మన సెలవుల కోసం ఆగదని మేడమ్‌ని అడిగితే, "నాకూ ఇంకా చెప్పలేదమ్మా" అంది. పాఠం చెప్పేవాళ్ళకే తెలియకపోతే మాకేం తెలుస్తుంది.

పొద్దున పాతదంటాను, మధ్యాహ్నం కొత్తదంటాను. అద్దంలో నా మొహం చూస్తే నాకే విసుగ్గా ఉంది.

నీ ఉత్తరంలో "చెదిరే ప్రసక్తే లేదు" అన్నావు. అదేమిటో నాకు అర్థం కాలేదు. ఫైల్లో పెట్టావా?

నీ మేనకోడలు

తా.క. అమ్మ అలా అనుకుంటోందంటే నవ్వొచ్చింది. ఆ తర్వాత నవ్వు రాలేదు. పాపం తను ఎంత సంబరపడుతోందో.


ఆగస్టు 13

అమ్మడూ,

నీ జవాబు వచ్చేదాకా ఆగలేదు, దీనితో పాటు పార్సిల్ వస్తుంది. నెమ్మదిగా విప్పు, మూలలు నలుగుతాయి.

మొదట ఫైల్లో పెడదామనే అనుకున్నాను. కానీ "ఏది ముందో ఏది వెనకో తెలియడం లేదు" అని నువ్వు రాశాక, మేనమామ బైండరై ఉండి నీ కాగితాలు పిన్నులతో పంపితే నాకే సిగ్గు. పేజీ నంబర్ల వరసలో పేర్చాను. మడత కాగితాలు మడతలోనే కుట్టాను, విడి కాగితాలకి కుట్టు పట్టేందుకు సన్న కాగితం పట్టీలు అతికించాను. మూడు పక్కలా కోసి నున్నగా చేశాను. వెన్నుకి నీలం గుడ్డ. దాని మీద బంగారు అక్షరాలతో "అమ్మడి చదువు" అని అచ్చు వేశాను. అక్షరాలు కొంచెం పెద్దవయ్యాయి, చిన్న సైజు అరిగిపోయింది.

పసుపు కాగితం చాలా జాగ్రత్త అన్నావు కదా. అందుకే దాన్ని సరిగ్గా నడిమధ్య పెట్టి, మిగతావాటికి ఒక కుట్టైతే దానికి రెండు కుట్లు వేశాను. ఇక అది ఎక్కడికీ పోదు.

ఒక మాట. కుట్టే ముందు పేజీలు లెక్కపెట్టడం నా అలవాటు. పదహారు తర్వాత పద్దెనిమిది ఉంది. పదిహేడు లేదు. నీ గదిలో మంచం కిందో ఎక్కడో పడిపోయిందేమో చూడు. దొరికితే అతికించుకోవడానికి ఆ చోట ఒక అంగుళం పట్టీ వదిలాను.

ఏది ఎంచుకోవాలో మాత్రం నాకు తెలియలేదు. మొత్తం మూడుసార్లు చదివాను. చదివిన ప్రతిసారీ ముందుకంటే తక్కువ అర్థమైంది. నన్ను తిట్టుకోకు.

మామయ్య


ఆగస్టు 18

మామయ్యా,

తిట్టుకోకు అన్నావు. తిట్టుకుంటున్నాను.

పసుపు కాగితం నేను సంతకం పెట్టి ఆఫీసులో ఇవ్వాల్సిన కాగితం. ఇవ్వాల్సినదాన్ని పుస్తకంలో కుట్టేస్తారా ఎవరైనా? అది తీసుకుని నాలుగో కౌంటర్‌కి వెళ్ళాను. అక్కడి గుమాస్తా పుస్తకాన్ని అటూ ఇటూ తిప్పి, వెన్ను మీద బంగారు అక్షరాలు చదివి, "అమ్మడంటే మీరేనా?" అన్నాడు. నా వెనక వరసలో నలభై మంది ఉన్నారు. అందరూ విన్నారు. ఇప్పుడు కాలేజీలో నన్ను పేరు పెట్టి పిలిచేవాళ్ళు లేరు.

"పుస్తకాలు తీసుకోమండీ, కాగితం చింపి ఇవ్వండి" అన్నాడు. లాగబోయాను. నీ రెండు కుట్లు. రాదు. పైగా అప్పుడు చూశాను, పై మూలలో నంబరు ఉండాల్సిన చోట ఏమీ లేదు. నువ్వు నున్నగా కోసిన అంచుతో పాటు నా నంబరు కూడా పోయింది. నంబరు లేని కాగితం చెల్లదు. కాగితం ఇవ్వనివాళ్ళని ఆఫీసే ఏదో ఒకదాంట్లో వేసేస్తుంది. ఏదాంట్లోనో గుమాస్తాకి కూడా తెలియదు.

పదిహేడో పేజీ సంగతి ఎత్తకు. నా ఏడాది పోతుంటే నీకు పేజీల లెక్క కావలసొచ్చింది.

మెట్ల మీద కూర్చుని ఏడ్చాను. నీ మీద కోపంతో కాదు. అంటే, కోపంతోనే. కానీ ఆ పుస్తకం ఎంత అందంగా ఉందో. ఇంత అందంగా ఎందుకు చేశావు మామయ్యా? చింపడానికి చేతులు రావడం లేదు.

ఇంకేమీ రాయలేను.


ఆగస్టు 21

అమ్మడూ,

నీ ఉత్తరం చదివాక కాసేపు మిషన్ ఆపేశాను. జీవితంలో ఇంత పెద్ద తప్పు పనిలో చేయలేదు. చేసిన మంచి పనే తప్పైంది, ఎవరికి చెప్పుకోను.

కోసిన ముక్కలన్నీ గోనెసంచీల్లో నింపి ఉంచుతాను, నెలాఖరు శనివారం బండి వచ్చి పట్టుకుపోతుంది. మూడు సంచీలున్నాయి. షాపు నేల మీద కుమ్మరించి వెతికాను. తెల్ల ముక్కల్లో పసుపు రంగు కనబడకపోదని ధైర్యం. రెండో సంచీలో దొరికింది. నీ నంబరు ఒక్క అంకె కూడా పోలేదు. ఇందులో పెట్టాను, ఉత్తరం విదిలించకు.

ఇప్పుడు చెప్పినట్టు చెయ్యి. కాగితాన్ని లాగకు. పసుపు కాగితం మడత తెరిస్తే మధ్యలో దారం కనిపిస్తుంది. కత్తెర మొనతో దారాన్ని మాత్రం నాలుగు చోట్ల కొయ్యి. కాగితం దానంతట అదే ఊడి వస్తుంది. నా కుట్టు తెంపుతున్నానని బాధపడకు. దారం పోతే మళ్ళీ కుట్టుకోవచ్చు.

పదిహేడు సంగతి ఎత్తొద్దన్నావు. ఎత్తుతున్నాను. మంచం కింద వెతికావా? నాకు వేరే అనుమానం వచ్చి మళ్ళీ గుర్తు చేసుకున్నాను. పదహారో పేజీ చివర "మొదటి సంవత్సరంలో ఒక పేపర్ తప్పిన విద్యార్థుల విషయంలో" అని ఉంది. వాక్యం పూర్తి కాలేదు. పద్దెనిమిదో పేజీ లైబ్రరీ కార్డులతో మొదలవుతుంది. అమ్మడూ, నీ గురించి రాసిన పేజీయే లేదు. కౌంటర్ దగ్గర సిగ్గుపడకుండా అడుగు. పేజీ లేని పుస్తకాన్ని నేనైతే వెనక్కి పంపేస్తాను.

ఇంకో సంగతి, దాచను. నేను నేల మీద కూర్చుని చెత్తలో వెతుకుతుంటే మీ అమ్మ వచ్చింది. ఇస్త్రీ చొక్కా నిండా కాగితం ముక్కలు. "ఏం పోగొట్టుకున్నావురా?" అంది. నాకు అబద్ధం చెప్పే ఓపిక లేకపోయింది. అంతా చెప్పేశాను.

నన్ను రెండోసారి కూడా తిట్టుకో.

మామయ్య


ఆగస్టు 27

మామయ్యకి,

ముందు నీకు క్షమాపణ. తర్వాత మిగతాది.

దారం నాలుగు చోట్ల కోశాను. కాగితం చిరగకుండా వచ్చింది. నంబరు ముక్కని దాని చోట అతికించాను. ఇరవై అయిదో తారీకు పొద్దున నాలుగో కౌంటర్‌కి వెళ్ళాను. గుమాస్తా అతుకు చూసి ఏదో అనబోయాడు. నేను అననివ్వలేదు. పుస్తకం పదహారో పేజీ దగ్గర తెరిచి అతని ముందు పెట్టాను. "దీని తర్వాతి పేజీ ఇవ్వండి, అది చదివి సంతకం పెడతాను" అన్నాను.

"మీది పోయి ఉంటుంది" అన్నాడు. తన సొరుగులోంచి తన కాగితాలు తీశాడు. వేలు తడి చేసుకుంటూ తిప్పాడు. పదిహేను, పదహారు, పద్దెనిమిది. మళ్ళీ మొదటినుంచి తిప్పాడు. పక్క కౌంటర్ ఆవిడ కట్ట తెప్పించాడు. నా వెనక నిలబడ్డవాళ్ళు కూడా సంచుల్లోంచి తమ కాగితాలు తీశారు. ఒక్కరి దగ్గర కూడా పదిహేడు లేదు. అందరివీ విడివిడిగా, కలగాపులగంగా ఉన్నాయి కాబట్టి నెల రోజులుగా ఎవరికీ తెలియలేదు. తమ కాగితమే ఎక్కడో పారేసుకున్నామని ఎవరికి వాళ్ళం అనుకుంటున్నాం. ఇంతకీ ఆఫీసు జాబితా తీస్తే తప్పినవాళ్ళు నాతో కలిపి డెబ్బై మంది తేలారు. నేనొక్కదాన్నే అనుకున్నాను.

మధ్యాహ్నానికి పై అధికారి గదిలోకి పిలిచారు. ఆయన పుస్తకాన్ని చాలాసేపు చూశాడు. తర్వాత నిజం చెప్పాడు. ఆ పేజీ అచ్చులో పోలేదట. తప్పినవాళ్ళ సంగతి మీద పెద్దవాళ్ళకి మాట కుదరక, తర్వాత రాద్దామని ఖాళీ వదిలారట. తర్వాత ఆ మాటే మరిచిపోయి మిగతాది అచ్చు వేయించేశారు. ఏప్రిల్ తర్వాత పరీక్ష ఉండదని, మారే హక్కు లేదని, మేము విన్నవన్నీ ఎవరో భయంతో పుట్టించినవే. అసలు నియమమే లేదు మామయ్యా. లేనిదాని గురించి నేను నెల రోజులు తిండి మానేశాను.

గడువు సెప్టెంబరు ఇరవైకి మార్చారు. నిన్న పదిహేడో పేజీ విడిగా అచ్చు వేసి పంచారు. తప్పిన పేపర్‌ని డిసెంబరులో రాసుకోవచ్చు. అప్పుడూ పోతే ఏప్రిల్లో మళ్ళీ రాయొచ్చు. అదీ పోతే, పాసైనవాటితో కొత్తదాంట్లోకి వెళ్ళొచ్చు. నేను పాతదాంట్లోనే ఉంటానని సంతకం పెట్టేశాను. నా మొక్క ఇంకా కాయ దశకి రాలేదు, దాన్ని మధ్యలో వదలబుద్ధి కాలేదు. కళ్ళజోడు కొత్తదాంట్లోనే ఉంది. దానికి అదే మంచిది. ఏది గొప్పదో నాకు ఇప్పటికీ తెలియదు.

అమ్మ సంగతి చదివాను. తనకి నేనే చెప్పాల్సింది. ఫోన్ చేస్తే తీయడం లేదు. ఏమందో నువ్వు రాయవేం?

అమ్మడు (అందరూ ఇలాగే పిలుస్తున్నారు, నేనూ అలవాటు పడ్డాను)


సెప్టెంబరు 2

అమ్మడూ,

సంతకం పెట్టావు, చాలు. స్టాటిస్టిక్స్ పుస్తకం అట్ట ఊడి ఉంటే పంపు. ఊడకపోయినా పంపు. ఈసారి ఇచ్చిందాన్ని ఇచ్చినట్టే తిరిగిస్తాను.

పదిహేడో పేజీ అతికించేటప్పుడు పట్టీ మీద జిగురు పలచగా రాయి. ఎక్కువైతే ఉబ్బుతుంది. తెంపిన కుట్టు నువ్వు సెలవులకి వచ్చినప్పుడు వేస్తాను.

మీ అమ్మ గురించి అడిగావు. ఆ రోజు అంతా విని, చెత్త మధ్యలో నా పక్కనే కూలబడింది. నీ మార్కుల గురించే బాధపడుతోందనుకుని నేను ఏదో సర్దిచెప్పబోయాను. "అంటే ఆ ఉత్తరాలు రాసింది అదేనా? వేరే ఎవరూ లేరా?" అంది. "ఎవరూ లేరక్కా, నీ కూతురే" అన్నాను. అప్పుడు కళ్ళు తుడుచుకుంది. నీ పేపర్ పోయినందుకు ఏడవలేదమ్మా తను.

ఫోన్ తీయనిది నీ మీద కోపంతో కాదు. ఏం మాట్లాడాలో తోచక. ఈ ఉత్తరం చివర తనూ రాస్తానంది. షాపుకు వచ్చి కూర్చుంది, నన్ను బయటికి పంపి రాస్తుందట. నేను చూడకుండా కవరు అంటిస్తుందట.

మామయ్య

తల్లీ,

నాలుగు మార్కులు పోతే మళ్ళీ వస్తాయి. నాతో చెప్పడానికి అంత భయమేస్తే, ఆ తప్పు నాదే. నర్సులందరికీ నేనే చెప్పాను, పోయిందని. ఇద్దరు తమకీ నర్సింగ్‌లో స్టాటిస్టిక్సే పోయిందన్నారు.

ఇక నా దగ్గర ఏదీ దాచకు. నాకు రాయాల్సింది ఇంటికి రాయి. కానీ షాపుకు రాయడం మాత్రం మానకు. రోజూ ఉత్తరాలు వచ్చే వేళకి మామయ్య మిషన్ ఆపి, చేతులు కడుక్కుని గుమ్మంలో కూర్చుంటున్నాడు. ఇస్త్రీ చొక్కా ఇప్పటికీ తొడుక్కుంటున్నాడు.

అమ్మ